స్టేడియం కన్నా ముందు వచ్చేది ఠేకేదారు

భిలాయ్‌లో క్యాంప్ 1 చరిత్ర దాని పేరులోనే ఉంది. 1950ల్లో ఉక్కు కర్మాగారం పనులకు వచ్చినవాళ్లు బస చేసిన చోటు అది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలు భిలాయ్‌లో ఇప్పటికీ ఉన్నాయి. కర్మాగారం కట్టడం ఎప్పుడో పూర్తయింది. క్యాంప్ అన్న పేరు మాత్రం పోలేదు.

ఇక అహ్మదాబాద్ వంతు. 2030 కామన్వెల్త్ క్రీడలు ఆ నగరానికి ఖరారయ్యాయి. 2036 ఒలింపిక్స్ మీదా మన కన్నుంది.

పెద్ద క్రీడలు, మనుషుల అక్రమ రవాణా అనగానే అందరి చూపూ మ్యాచ్ రోజుల్లో సాగే లైంగిక వ్యాపారం మీదికే పోతుంది. 2006 జర్మనీ ప్రపంచకప్‌కు 40 వేల మంది మహిళలను తరలిస్తారని ప్రచారం హోరెత్తింది. చివరికి టోర్నీతో ముడిపడినవిగా తేలిన కేసులు ఐదు. ఐదైనా నేరమే, కాదనను. కానీ అసలు ప్రమాదం ఆటలకు నాలుగైదేళ్ల ముందే, పునాదుల దగ్గరే మొదలవుతుంది.

సుప్రీంకోర్టు ఈ మాట 1982లోనే చెప్పింది. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణాల్లో కూలీల రోజు కనీస వేతనం 9 రూపాయల 25 పైసలు. అందులో రూపాయి జమాదారు కమీషన్ కింద పట్టుకునేవాడు. పీయూడీఆర్ వేసిన కేసులో జస్టిస్ భగవతి తీర్పు సూటిగా ఉంది: కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకునే పని, రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే. మనుషుల క్రయవిక్రయాలను నిషేధించేదీ ఆ అధికరణమే. అయినా 2010 కామన్వెల్త్ క్రీడల పనుల్లో కనీస వేతనాలు అందడం లేదని ఢిల్లీ హైకోర్టు వేసిన కమిటీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

కరీంనగర్, నిజామాబాద్ పల్లెలకు ఇదే కథ గల్ఫ్ రూపంలో తెలుసు. విదేశీ ఉద్యోగానికి ఏజెంటు తీసుకోగలిగింది చట్టప్రకారం 30 వేల రూపాయలు, ఆపై పన్ను. వాస్తవంలో లక్ష దాటడం మామూలే. ఆ అప్పు తీరేదాకా పని ఎంత నరకమైనా తిరిగి రాలేరు. సంకెళ్లు అక్కర్లేదు, వడ్డీ చాలు.

దేశంలోపల వలస వెళ్లేవారిని ఈ ఉచ్చు నుంచి కాపాడాల్సిన చట్టం ఇప్పుడు సన్నబడింది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఐదుగురున్న చోట వర్తించేది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కోడ్‌లో ఆ సంఖ్య పది. కాంట్రాక్టర్ లైసెన్సుకు ఇరవై మంది పరిమితి యాభై అయింది. అరవై మందిని ఇద్దరు మేస్త్రీల పేర సగం సగం చూపితే లైసెన్సు గొడవే ఉండదు. ఆ తర్వాత ఐదు రోజులకే అహ్మదాబాద్‌కు క్రీడలు ఖరారయ్యాయి. కాకతాళీయమే కావచ్చు.

ఠేకా పద్ధతి అంటే ఏమిటో భిలాయ్‌కి వేరే చెప్పక్కర్లేదు. ఠేకా కార్మికులను కూడగట్టిన శంకర్ గుహ నియోగిని 1991 సెప్టెంబర్ 28న ఇక్కడే కాల్చి చంపారు. మరుసటి ఏడాది జులై 1న పవర్‌హౌస్ స్టేషన్ దగ్గర పట్టాల మీద కూర్చున్న కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు. క్యాంప్ 1కి ఆ స్టేషన్ దగ్గరే.

కాంట్రాక్టర్ కూలి ఎగ్గొడితే అసలు యజమానే చెల్లించాలన్న నిబంధన కొత్త కోడ్‌లోనూ ఉంది. అయితే అడగాలంటే అక్కడ పనిచేసినట్టు కాగితం ఉండాలి. లైసెన్సు లేని మేస్త్రీ వెంట ఛత్తీస్‌గఢ్ నుంచి రైలెక్కే మనిషి దగ్గర ఉండనిది అదే.