గర్భసంచి మీద నేరం మోపితే సరిపోతుందా?

స్త్రీకి పురుడు పునర్జన్మ అని ఎంత గొప్పగా చెప్పుకుంటామో! తిరిగొస్తే పుణ్యం, రాకపోతే తలరాత అనే సర్దుబాటు ఆ మాటలోనే ఉంది. కాన్పు తర్వాత ఆగని నెత్తురుకి ఆస్పత్రి కాగితం ఇంకో పేరు రాస్తుంది: గర్భసంచి ముడుచుకోలేదు. తలరాత పోయి గర్భసంచి వచ్చింది. నేరం మాత్రం ఆమె శరీరం మీదే ఉండిపోయింది.

ఎక్కువ కేసుల్లో ఆ కారణం నిజమే. కానీ అది చివరి కారణం. అంతే నెత్తురు పోయి ఒకామె తేరుకుంటుంది, ఇంకొకామె తేరుకోదు. ఎందుకని? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. సగానికి పైగా ఆడవాళ్ళని పట్టుకున్నదాన్ని ఒక్కొక్కరి అజాగ్రత్త అనడం ఎలా కుదురుతుంది? అందరూ తిన్నాక మిగిలింది తినమన్నది ఎవరు?

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల చేలల్లోకి వెళ్ళి చూడండి. పత్తి తీతలు, వాటి వెనకే మిరపకోతలు. పత్తి తీతకి కిలోల లెక్కన కూలి. నెలలు నిండుతున్నా వంగాల్సిందే. మిరపకోతలకి కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకి కుటుంబాలే వలస వస్తాయి. గర్భిణి పేరు సొంతూళ్ళో ఏఎన్‌ఎం రిజిస్టర్లో ఉంటుంది, మనిషి ఇక్కడ చేను పక్కన గుడారంలో ఉంటుంది. ఐరన్ మాత్రలు మింగలేదని ఆమెనే తిడతారు. 2017లో ప్రసూతి సెలవు 26 వారాలకి పెరిగిందని మనం సంతోషించాం. మిరప కోసే చేతులకి అందులో ఒక్క రోజైనా దక్కిందా?

కనిగిరి, పొదిలి, దర్శి వైపు నీళ్ళలోనే ఫ్లోరైడ్. అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని 1937లోనే వైద్యులు రాశారు. ఫ్లోరైడ్ తగ్గించి, తిండి మెరుగుపరిస్తే గర్భిణుల రక్తహీనత తగ్గిందని 2010లో ఢిల్లీలో ఎ.కె. సుశీల బృందం చూపించింది. నీళ్ళ ట్యాంకరు రాకపోవడం కూడా పురిటిగది సమస్యే.

నెత్తురు ఆపే ఆక్సిటోసిన్‌ని 2-8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. మిర్చి టిక్కీల రంగు చెడకుండా గుంటూరు చుట్టూ శీతల గిడ్డంగులు కట్టుకున్నాం. మండు వేసవిలో కరెంటు పోతే పురిటిగది ఫ్రిజ్ గురించి అంత కంగారు ఎవరు పడుతున్నారు?

మాతృమరణాలు తగ్గాయి కదా అంటారు. తగ్గాయి. 2018-20లో దేశంలో లక్ష సజీవ జననాలకి 97 అయితే మన రాష్ట్రంలో 45. అందులో ఆశా కార్యకర్తల కష్టం ఉంది. కానీ అది పోయినవాళ్ళ లెక్క. నెత్తురంతా పోయి బతికి, పచ్చి బాలింతగానే చేలో దిగినామె అందులో ఎక్కడుంది?

పురిటినొప్పుల గురించి మనం చాలా రాశాం. ఆ తర్వాతి నెత్తురు గురించీ రాయాలి. ప్రతి మాతృమరణ విచారణలోనూ ఆమె ఏ నెల దాకా కూలికెళ్ళింది, ఏం తిన్నది, ఏ నీళ్ళు తాగింది, ఎన్ని గంటలకి నెత్తురు అందింది అని రాయమని అడగాలి. అప్పుడుగానీ అసలు ముద్దాయిలు బయటపడరు.