డేటా సెంటర్ మన గడ్డ మీద, మన గుంటలు కౌలుకేనా?

ఇశాపట్నం దగ్గర గూగుల్ డేటా సెంటర్ పెడతామని 2025 అక్టోబరు 14న ప్రకటించారు. ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లట. అప్పట్నుంచి సిక్కోలు, ఇజీనగరం కుర్రోళ్లు అడిగేది ఒక్కటే: మనకేటొస్తాది? భూమి, నీరు, కరెంటు లెక్కలు గట్టిగా అడగాల్సినవే. కానీ ఈరోజు నేను అలాంటి సెంటర్లలో అమ్మే సరుకు గురించి రాస్తున్నాను.

ఆ సరుకుల్లో ముఖ్యమైనది వర్చువల్ మెషిన్. అంటే ఏటి? పెద్ద పొలానికి గట్లేసి, మళ్లు చేసి, ఒక్కో మడి ఒక్కొక్కరికి కౌలుకిస్తారు కదా, అలగే. హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ ఒక కంప్యూటర్‌కి గట్లేస్తాది. ప్రతి ముక్కా పూర్తి కంప్యూటర్‌లాగే పనిచేస్తాది. గట్టు బాగుంటే ఒక మడి నీరు పక్క మడికి పోదు. ఇది కొత్త విద్యేం కాదు, ఐబీఎం 1972లోనే వీఎం/370 తెచ్చింది.

ఈ విద్య నేర్చుకోడానికి కౌలుకి పోనక్కర్లేదు. ఇంట్లో 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేసి, ఉచితంగా దొరికే వర్చువల్‌బాక్స్ వేసుకోండి. అందులో లైనక్స్‌కి 2 జీబీ ఇయ్యండి. ఇంటిల్లిపాదీ వాడే విండోస్ జోలికి పోకుండా మీ కోడు, డేటాబేసు, సర్వరు అన్నీ ఆ మడిలోనే. పని మొదలెట్టే ముందు స్నాప్‌షాట్ తీస్తే, ఏది పాడైపోయినా వెనక్కి వచ్చీడమే. పైగా ఆ మెషిన్ మొత్తాన్ని హార్డ్ డిస్క్‌లో ఎక్కించి స్నేహితుడికి ఇచ్చీవచ్చు. నెట్ సరిగ్గా రాని ఊళ్లకి ఇంతకన్నా ఏటి కావాలి?

క్లౌడ్‌లో కథ వేరు. ముందే కార్డు నంబరు అడుగుతారు. ఆపడం మర్చిపోతే నువ్వు తొంగున్నా మీటర్ తిరుగుతాది. భూస్వామి మారితే కౌలు షరతులూ మారతాయి. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ వీఎంవేర్‌ని కొనీసింది. నెల తిరక్కుండానే, ఒకసారి కొనుక్కుంటే ఎప్పటికీ వాడుకునే లైసెన్సుల అమ్మకం ఆపీసి, చందా కట్టమంది. పెద్ద పెద్ద కంపెనీలే గొల్లుమన్నాయి. ఇక మనమెంత?

క్లౌడ్ వద్దని నానడం లేదు. ఉద్యోగాలక్కడున్నాయి, నేర్చుకోవాలి. కానీ గట్టు వెయ్యడం తెలిసినోడికీ, మడిలో కూలికెళ్లినోడికీ తేడా ఉంతాది. మన గడ్డ మీద సెంటర్ లేచాక మనోళ్లకి కాపలా పనులూ, కేంటీన్ పనులూ మిగిల్తే అది అభివృద్ధి కాదు.

అందుకే రెండు అడగాల. ఒకటి, రాయితీలు తీసుకున్న కంపెనీలు ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీకీ, ఇజీనగరం జేఎన్‌టీయూకీ, మన పాలిటెక్నిక్కులకీ, డిగ్రీ కాలేజీలకీ ఏటా ఉచితంగా క్లౌడ్ గంటలివ్వాలి. ఇది దానం కాదు, ఒప్పందంలో రాయాల్సిన మాట. రెండు, ప్రతి ప్రభుత్వ కాలేజీలో ఒక సొంత సర్వర్ పెట్టాలి. 128 జీబీ ర్యామ్ ఉంటే తలా 2 జీబీ చొప్పున యాభై మందికి మెషిన్లు ఇయ్యొచ్చు. గట్లెయ్యడానికి కేవీఎం ఉంది, 2007 నుంచీ లైనక్స్‌లోనే ఉంది, పైసా అక్కర్లేదు.

సర్కారు ఇచ్చేదాకా ఆగకండి. మీ ఊళ్లో నలుగురు కలిసి ఈ వారమే ఒక మెషిన్ లేపండి. మడి చెయ్యడం వచ్చినోడే కౌలు రేటు మీద గట్టిగా మాటాడగలడు.