రెండు కంప్యూటర్లకు రెండు కీబోర్డులెందుకు?

మండల కేంద్రాల్లోని డి.టి.పి. సెంటర్లలో ఒకే బల్లపై రెండు కంప్యూటర్లు, రెండు తెరలు, రెండు కీబోర్డులు, రెండు మౌసులు కనిపించడం మామూలే. పనిచేసే మనిషి మాత్రం ఒక్కడే. కాగితం పెట్టుకునే చోటు లేక పెళ్లిపత్రిక ప్రూఫును ఒళ్లో పెట్టుకుని దిద్దే ఆపరేటర్లు ఉన్నారు.

పాత కంప్యూటరు దండగ అనడానికి వీల్లేదు. ఏళ్ల తరబడి కూర్చిన శుభలేఖలు, ప్రశ్నాపత్రాలు, కరపత్రాలు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసినవే. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను అమర్చిన ఫాంట్లవి. అవి లేని యంత్రంలో ఫైలు తెరిస్తే పిచ్చిగీతలే దర్శనమిస్తాయి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 2001లో వచ్చింది. అందుకే విండోస్ ఎక్స్‌పీ ఉన్న ఆ పాత పెట్టెను ఎవరూ కదపరు. అయితే ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సంస్థ 2014 ఏప్రిల్ 8తో మద్దతు నిలిపివేసింది. దాన్ని ఇంటర్నెట్‌కు తగిలించడమంటే వీధి తలుపు తీసిపెట్టి నిద్రపోవడమే. ఆన్‌లైన్ దరఖాస్తులకు, యూనికోడ్ పనికి కొత్త యంత్రం తప్పదు.

యంత్రాలు రెండు కావాలి, సరే. మిగతా సరంజామా రెండేసి ఎందుకు?

దీనికి కె.వి.ఎం. స్విచ్ అనే చిన్న పెట్టె ఉంది. కీబోర్డు, వీడియో, మౌసు అనే మూడు మాటల పొడి అక్షరాలే దాని పేరు. ఒక తెర, ఒక కీబోర్డు, ఒక మౌసు ఆ పెట్టెకు తగిలిస్తారు. అక్కడి నుంచి తీగలు రెండు కంప్యూటర్లకు వెళతాయి. మీట నొక్కితే ఇది, మళ్లీ నొక్కితే అది. కొన్నింటికి కీబోర్డుపై స్క్రోల్ లాక్‌ను రెండుసార్లు నొక్కినా చాలు. ఒక్క రైతు రెండెడ్లను తోలినట్టే. పాత యంత్రం ప్రింటు తీస్తుంటే కొత్తదానిలో దరఖాస్తు నింపుకోవచ్చు. ఫైళ్లను మాత్రం ఈ పెట్టె మోసుకుపోదు. వాటికి పెన్ డ్రైవే దిక్కు. దాన్ని ముందు కొత్త యంత్రంలో వైరస్ తనిఖీ చేయడం మంచిది.

పెట్టె ఖర్చెందుకని కొందరు కీబోర్డు తీగను ఇక్కడ పీకి అక్కడ గుచ్చుతుంటారు. గుండ్రటి పిన్నుల పాత తీగను కరెంటు ఉండగా పీకితే పిన్నులు వంగడమే కాదు, మదర్‌బోర్డుకే ముప్పు రావచ్చు.

పెట్టె లేకుండా సాఫ్ట్‌వేర్‌తోనూ పని జరుగుతుందని చదువుకున్న కుర్రాళ్లు చెబుతుంటారు. నిజమే. సినర్జీ ఉంది, మైక్రోసాఫ్ట్ వారి మౌస్ వితౌట్ బోర్డర్స్ ఉంది. కానీ వాటికి రెండు యంత్రాలూ నెట్‌వర్క్‌లో ఉండాలి. ఎక్స్‌పీని దూరంగా ఉంచాలన్నదే మన బాధ. పైగా దేని తెర దానికి ఉండాల్సిందే. కంప్యూటరు మొరాయించి విండోస్ లేవకపోతే ఆ సాఫ్ట్‌వేరూ లేవదు. డి.టి.పి. దుకాణానికి పెట్టెయే సరైనది.

పట్టణంలోని అమ్మకందారులు ఈ సంగతి తమంతట తాము చెప్పరు. తెరతో సహా మొత్తం సెట్టు అంటగట్టడమే వారికి లాభం. కొనేవారే అడగాలి. అడిగేముందు కంప్యూటర్ల వెనుక భాగం చూసుకోవాలి. పాతదానికి వి.జి.ఎ., కొత్తదానికి హెచ్.డి.ఎం.ఐ. ఉంటే రెంటినీ కలిపే కన్వర్టర్ అదనంగా కావాలి. తెరకే రెండు రకాల సాకెట్లూ ఉంటే మరీ చవక. బొమ్మను తెర మీటతో మార్చుకుని, కీబోర్డు, మౌసులకు యు.ఎస్.బి. స్విచ్ ఒకటి కొంటే సరిపోతుంది.

డి.టి.పి. నేర్పే శిక్షణ కేంద్రాలు నెలల తరబడి ఫీజు వసూలు చేస్తున్నాయి. తీగ ఏది ఎక్కడ తగిలించాలో నేర్పడానికి ఒక్క పూట కేటాయిస్తే వారికి పోయేదేమీ లేదు.