దాహం తీర్చే దారం

ఈ వారం నా బల్లమీది మనీప్లాంటు గురించి రాస్తానంటే ఎడిటరుగారు కళ్లజోడు పైనుంచి చూశారు. "సినిమా పత్రికలో మొక్కలేమిటయ్యా?" అన్నారు. ఏం చేయను? అవుట్‌డోర్ షూటింగుల వెంట తిరిగే వుద్యోగం నాది. ఆ మొక్కకి ప్రాణగండం తెచ్చిపెట్టింది ఆ వుద్యోగమే మరి!

మా ఆఫీసు అటెండరు పెద్దాయన రిటైరవుతూ దాన్ని నా చేతిలో పెట్టాడు. "10 యేళ్లు పెంచాను బాబూ, ఎండబెట్టకండి" అన్నాడు. ఆ మాట బుర్రలో ఎంతగా నాటుకుందంటే, 12 రోజుల అవుట్‌డోర్‌కి వెళ్తూ కుండీని నీళ్లు నిండిన బేసిన్‌లో కూచోబెట్టి మరీ వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆకులు పసుపుపచ్చ, వేళ్లు నల్లబడి ఒకటే కంపు. పెద్దాయనకి ఫోన్ చేశాను. "నీళ్లు లేక కాదు బాబూ, వూపిరాడక చచ్చింది" అన్నాడు. తిట్టినా బాగుండేది.

నిజమే సుమండీ! మట్టి రేణువుల మధ్య సందులన్నీ నీళ్లతో నిండితే వేరుకి గాలి అందదు, కుళ్లిపోతుంది. కాబట్టి తనంతట తాను నీళ్లు తాగే కుండీలో అసలు కిటుకు నీళ్లు నిలవచేయడం కాదు. ఆ నీళ్లని మట్టికి దూరంగా వుంచడం.

తీగ చివర ఒక్క కణుపు పచ్చగా మిగిలింది. కత్తిరించి గ్లాసు నీళ్లలో పెడితే వేళ్లు వచ్చాయి. (మరి అదెలా బతికిందంటారా? నీళ్లలో పుట్టిన వేళ్లు నీళ్లకి అలవాటుపడతాయి. మట్టిలో పెరిగినవాటికి అది చేతకాదు.)

ఈలోగా లీటరు సీసా ఒకటి నడిమికి కోసి, పై సగాన్ని తలకిందులుగా కింది సగంలోకి దించాను. మూతకి కన్నంపెట్టి తాడు దూర్చాను. ఒక కొస నీళ్లలో, ఇంకో కొస మట్టిలో. ప్రమిదలో వత్తి నూనె లాక్కుంటుంది చూడండి, అదే పని! మట్టి ఆరేకొద్దీ తాడు తడి తెస్తుంది. మొదట నూలుతాడు వేస్తే కొన్నాళ్లకే పుచ్చిపోయింది. ఇప్పుడున్నది నైలాన్ అల్లికతాడు. మూతకి అంగుళం కిందగా సీసా పక్కన ఇంకో కన్నం పెట్టాను. అతిప్రేమతో ఎక్కువ పోస్తే కారిపోతుంది (నాబోటివాళ్ల కోసమే!). అడుగున పళ్లెం మరిచిపోకండి. మా ఇంటర్వ్యూ కాగితాలు రెండు తడిసిపోయాయి.

నల్లరేగడి వేస్తే బంకగా పట్టేసి గాలాడదు. కొబ్బరిపొట్టు, ఇసుక కలపండి. మొదటిసారి పైనుంచే నీళ్లు పొయ్యాలి, తాడు తడవందే పని మొదలెట్టదు. సీసాకి నల్లకాగితం చుట్టకపోతే వెలుతురు తగిలి నాచు పడుతుంది. సందుల్లో గుడ్డ కుక్కండి. డెంగ్యూ దోమకి నిలవున్న మంచినీళ్లంటే మహాయిష్టం. కలబంద, బ్రహ్మజెముడు లాంటివాటికి మాత్రం ఈ వైభోగం వద్దు. ఎప్పుడూ తడిగా వుంటే అవి చస్తాయి.

మొన్న మళ్లీ 12 రోజులు వెళ్లొచ్చాను. కొత్తాకు ఒకటి విచ్చుకుంటోంది. పింఛను కాగితాల పనిమీద వచ్చిన పెద్దాయన వేలితో మట్టి నొక్కి చూశాడు. సీసా ఎత్తి చూశాడు.

"నీళ్లు సగానికి దిగాయి. పొయ్యండి బాబూ" అన్నాడు.