వార్డు కమిటీలను చీటీ తీసి ఎంపిక చేయాలి



మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న ప్రతి మున్సిపాలిటీలో వార్డు కమిటీలు ఉండాలని 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ ఆదేశించింది. వాటిలో ఎవరెవరు ఉండాలో తేల్చే అధికారాన్ని 243-ఎస్ అధికరణం రాష్ట్ర శాసనసభకు ఇచ్చింది. కార్పొరేటర్ ఎలాగూ సభ్యుడే. మిగతా సభ్యులను ఓటర్ల జాబితాలోంచి చీటీ తీసి ఎంపిక చేసేలా చట్టం తేవాలన్నది మా డిమాండ్.

నామినేషన్ పద్ధతిలో అయితే ఆ కుర్చీల్లోకి ఎవరు చేరతారో మీకు వేరే చెప్పక్కర్లేదు. పొంగే డ్రైనేజీ పక్కనే బతికే మనిషికి అక్కడ చోటు దొరకదు.

చీటీలతో పాలన సాగుతుందా అని అడిగేవారు ఏథెన్స్ చరిత్ర చదవాలి. ప్రాచీన గ్రీసులో కొండల నడుమ, దీవుల్లో వెయ్యికి పైగా నగర రాజ్యాలు వెలిశాయి. చాలాచోట్ల పెత్తనం కొద్ది కుటుంబాలదే. ఏథెన్స్‌లో అప్పు తీర్చలేని రైతును బానిసగా అమ్మేసేవారు. క్రీ.పూ. 594లో సోలోన్ ఆ దుర్మార్గానికి అడ్డుకట్ట వేశాడు. క్రీ.పూ. 508లో క్లెయిస్థెనీస్ ఇంకా లోతుకు వెళ్లాడు. నగరం, తీరం, లోపలి పల్లెలు, ఈ మూడు చోట్ల జనాన్నీ కలగలిపి పది కొత్త తెగలుగా కూర్చాడు. తెగకు యాభై మంది చొప్పున ఐదు వందల మందితో సభ ఏర్పడింది. క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఆ సభ్యులను చీటీ తీసే ఎంపిక చేసేవారు. పదవి ఏడాదే. జీవితంలో రెండుసార్లకు మించి దక్కదు. సభాధ్యక్షుణ్ణి ఏ రోజుకారోజు చీటీ తీసి నిర్ణయించేవారు. ఖజానా తాళం చెవులు, నగర ముద్ర ఒక పగలు, ఒక రాత్రి అతని దగ్గర ఉండేవి. మర్నాడు మరొకరు.

మోసానికి తావు లేకుండా ఎంత జాగ్రత్త పడ్డారో చూడండి. న్యాయస్థానాలకు పౌరులను ఎంచడానికి వరసలు వరసలుగా గాళ్లు చెక్కిన రాతి పలక వాడేవారు. ఒక్కొక్కరూ తమ పేరున్న బిళ్లను ఇస్తే ఆ గాళ్లలో దూర్చేవారు. పక్కనున్న గొట్టంలో నల్లవి, తెల్లవి గోళీలు పోసేవారు. తెల్లది రాలితే ఒక వరస మొత్తం న్యాయపీఠానికి, నల్లది రాలితే వరస మొత్తం ఇంటికి. సిఫారసుకు సందే లేదు. అలాంటి పలక ముక్క ఏథెన్స్ అగోరా మ్యూజియంలో నేటికీ ఉంది. పని మానుకుని వచ్చిన పేదవాడు నష్టపోకూడదని ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ కాలంలో ఈ సేవకు దినభత్యం కూడా పెట్టారు. పదవి దిగినవాడు లెక్క అప్పజెప్పాలి. అది తేలేదాకా దేశం దాటడానికి వీల్లేదు.

యుద్ధం నడిపే సేనానులను మాత్రం ఎన్నుకునేవారు. నేర్పు కావలసిన చోట చీటీ పెట్టలేదు. మేమూ ఇంజనీర్లను, కమిషనర్లను చీటీ తీసి పెట్టమనడం లేదు. ఏ వీధికి ముందు నీళ్లు రావాలి, వేసిన రోడ్డు నిజంగా వేశారా అన్నది అడగడానికి ఆ వీధిలో ఉండేవాళ్ల కన్నా నిపుణులెవరు?

ఏథెన్స్ తప్పులను దాచం. స్త్రీలకు, బానిసలకు, వలస వచ్చినవారికి ఆ బిళ్ల దక్కలేదు. క్రీ.పూ. 399లో సోక్రటీస్‌కు మరణశిక్ష వేసింది కూడా చీటీలో వచ్చిన న్యాయసభే. మేమడిగే కమిటీకి ఎవరినీ శిక్షించే అధికారం ఉండదు. మన ఓటర్ల జాబితాలో పద్దెనిమిదేళ్లు నిండిన ఆడా మగా అందరికీ చోటుంది. కాబట్టి చీటీల్లో సగం మహిళల పేర్లకే కేటాయించాలి. ఎస్సీ, ఎస్టీలకు జనాభా మేరకు స్థానాలుండాలి. పదవి ఏడాదికి మించకూడదు. సమావేశానికి వచ్చినవారికి ఆ రోజు కూలి చెల్లించాలి. వార్డులో చెల్లించిన ప్రతి బిల్లునూ కమిటీ ముందు పెట్టాలి. ఏడాది చివర ఆ లెక్కలను జనం మధ్య చదివి వినిపించాలి.

చీటీ మనకు కొత్త కాదు. సర్పంచ్ ఎన్నికలో ఓట్లు సమానమైతే చీటీ తీసే విజేతను ప్రకటిస్తున్నాం. ఆ ఫలితాన్ని ఊరంతా ఒప్పుకుంటోంది.

ఈ వారమే మీ కాలనీ సంఘాన్ని సమావేశపరచండి. మహిళా సంఘాలనూ, బస్తీ పెద్దలనూ పిలవండి. చీటీ పద్ధతి కోరుతూ కౌన్సిల్‌లో తీర్మానం పెట్టమని మీ కార్పొరేటర్‌ను, చట్ట సవరణ ప్రతిపాదించమని మీ ఎమ్మెల్యేను సంతకాలతో అడగండి. వినతిపత్రం అందినట్టు రసీదు తీసుకోండి.