గ్రాఫ్ బాగుంది, మరి నానమ్మ?

పోయినేడాది మా నానమ్మకి కుడి మోకీలు మార్చారు. ఆపరేషన్‌కి ముందోసారి, ఆర్నెల్ల తర్వాత ఇంకోసారి, నా ఫోన్ నానమ్మ నడుముకి కట్టి హాల్లో అటూ ఇటూ నడిపించాను. యాక్సిలరోమీటర్ రీడింగ్స్‌తో పైథాన్‌లో గ్రాఫ్ వేశాను. వేగం పెరిగింది, కుడి ఎడమ అడుగుల మధ్య తేడా తగ్గింది.

"నానమ్మా, సూపర్‌గా నడుస్తున్నావ్!" అన్నాను.

"నడుస్తున్నా లేరా. వాకిట్లో కూర్చుని ముగ్గు పెట్టలేకపోతున్నాగా" అంది.

నా డేటాలో ముగ్గుకి కాలమ్ లేదు.

ఈ ఆపరేషన్‌తో చాలామందికి నొప్పి బాగా తగ్గుతుంది. అయినా సుమారు ఐదుగురిలో ఒకరు పూర్తి తృప్తితో లేరని చాలా దేశాల సర్వేల్లో తేలింది. నడక కూడా వెంటనే మామూలైపోదు. నొప్పి కాలిని తప్పించి రెండో కాలి మీద బరువు వేసే ఏళ్లనాటి అలవాటు, కీలు మార్చినంత మాత్రాన పోదు. తొడ కండరం మళ్లీ బలపడాలి. ఫిజియోథెరపీ అందుకే.

కానీ నడక బాగైతే అన్నీ బాగైనట్టేనా? చదునైన నేల మీద నడవడానికి మోకాలు 60-70 డిగ్రీలు వంగితే చాలు. గొంతుక్కూర్చోవాలంటే 120 పైనే వంగాలి. అంటే నడకలో ఫస్ట్ క్లాస్ వచ్చిన మోకాలు ముగ్గు దగ్గర ఫెయిల్ అవ్వొచ్చు.

పేషెంట్లనే అడిగే పద్ధతులూ ఉన్నాయి. 1998లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ నీ స్కోర్‌లో 12 ప్రశ్నలుంటాయి. నొప్పి, మెట్లు, షాపింగ్, మోకాళ్ల మీద వంగి లేవడం, అన్నీ అడుగుతారు. బాసింపట్టు వేసుకుని కూర్చోవడం గురించి మాత్రం ఉండదు. మన పెద్దవాళ్ల పూజ, భోజనం, కబుర్లు సగం నేల మీదే కదా!

"తృప్తి అనేది మనసుకి సంబంధించింది, దాన్నెలా కొలుస్తాం?" అని మీలో కొందరు అనొచ్చు. సెన్సర్లు వద్దని నేననట్లేదు. కుంటుతున్నారో లేదో అవే కచ్చితంగా చెప్తాయి. కానీ ఏది కొలవాలో పేషెంటే చెప్పాలి, అదీ ఆపరేషన్‌కి ముందే. అప్పుడు కుదిరేదేదో, కుదరనిదేదో డాక్టర్ విడమర్చి చెప్పగలరు. ముందే తెలిస్తే ఆశ కూడా ఆ మేరకే పెట్టుకుంటారు.

తప్పు నాదీ ఉంది. రిక్వైర్‌మెంట్స్ ముందు యూజర్‌ని అడగాలని సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ క్లాసులో చదివి, ఎగ్జామ్‌లో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నా. ఇంట్లో మాత్రం అందరం "నొప్పి పోతుందా? నడుస్తుందా?" అని డాక్టర్నే అడిగాం. "నీకేం కావాలి?" అని నానమ్మనెవరూ అడగలేదు.

ఇప్పుడు నా షీట్‌లో కొత్త కాలమ్ పెట్టాను: "ఈ వారం ఏం చేయాలనుకుని చేయలేకపోయావు?" నానమ్మ చెప్తుంది, నేను టైప్ చేస్తాను. మీలో ఎవరైనా హెల్త్ ప్రాజెక్ట్ చేస్తుంటే, కోడ్ కంటే ముందు ఆ కాలమ్ పెట్టండి.