అంతర్జాలపు వాకిలి



ఇద్దరు ముగ్గురు స్త్రీలు కూడి యింటిలోనే చిన్న డిజైను స్టూడియో నెలకొల్పి, శుభలేఖలు, దుకాణముల పేరుపలకలు, వెబ్‌సైటులు రూపొందించి జీవించుట నేడు వింత కాదు. అట్టివారికి ఉపకరించు సంగతులు కొన్ని యీ నెల ముచ్చటింతము.

1991వ సంవత్సరమున టిమ్ బెర్నర్స్ లీ వెబ్‌ను లోకమునకు జూపినప్పుడు అందు వ్రాతయు, లంకెలును మాత్రమే యుండెను. తరువాత రంగులు, బొమ్మలు, కదలికలు వచ్చి చేరినవి. ఫోనులలో జదువుట పెరుగుచుండగా, 2010లో ఈథన్ మార్కాట్ అను రూపశిల్పి, నీరు పాత్రను బట్టి యొదుగునట్లు పుట తెర వెడల్పును బట్టి తానే సర్దుకొనవలెనని ప్రతిపాదించెను. నేడు సర్వత్ర అదియే పద్ధతి.

మన లిపికి మఱికొంత జాగ్రత్త కావలెను. ఇంగ్లీషునకు జాలిన పంక్తుల యెడము తెలుగునకు జాలదు. పై పంక్తి వత్తు క్రింది పంక్తి గుడిని దాకును. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' యను నక్షరము ఒకానొక కూర్పున వచ్చినంతనే యాపిల్ ఫోనులలో సందేశముల యాప్‌లు మూతపడెను. ఆ నెలలోనే సంస్థ దానిని సరిదిద్దెను. కావున మన సంయుక్తాక్షరములను పలు ఫోనులలో బరీక్షింపక పని యప్పగింపరాదు.

అనేకులు తెలుగు వ్రాతను బొమ్మగా జేసి పెట్టుచున్నారు. ప్రక్కన వివరణ లేనిచో, చూపులేనివారికి జదివి వినిపించు సాధనము దానిని సరిగా జదువజాలకపోవచ్చును. యూనికోడులో తెలుగు 1991 నుండియు గలదు. మండలి, రామభద్ర, సూరన్న మున్నగు ఫాంటులు ఉచితముగా దొరకుచున్నవి. అట్లుండ నొక యంధసోదరిని వాకిటనే నిలువబెట్టుట న్యాయమా? వెలవెలబోవు బూడిదరంగు వ్రాతయు వలదు. సామాన్యాక్షరములకును వెనుకటి రంగునకును కాంతిలో 4.5కు 1 చొప్పున భేదముండవలెనని వెబ్ ప్రమాణము.

ఇక ఖాతాదారులతో సంభాషణము. రామాయణమున శ్రీరాముడు హనుమంతుని మాటతీరును మెచ్చుటకు, అది దీర్ఘము గాక, సందేహమునకు దావీయక యుండుటయు నొక కారణము. వాట్సాప్‌లో బేరము కుదిరిన పిమ్మట ధర, గడువు, ఎన్ని మార్లు మార్పులు చేయుదురో స్పష్టముగా వ్రాసి పంపి, వారి యంగీకారమును వ్రాతలోనే పొందవలెను. తరువాత తగవు రాదు.

ఇన్‌స్టాగ్రామ్ మున్నగునవి సంతల వంటివి. జనము దొరకును గాని స్థలము పరులది. నిబంధన మాఱినను, ఖాతా మూతపడినను ఏండ్ల పని చేజారును. కావున సొంత పేరుతో చిన్న సైటు ఒకటి యుండవలెను. అందు పది మంచి పనులు, ధరల వివరము, సంప్రదించు విధము చాలును.

ఆ సైటు పేరు రిజిస్ట్రేషను చేసి పెట్టిన కుఱ్ఱవాని పేరనో, ఇంటి పురుషుల పేరనో యున్నదేమో నేడే విచారింపుడు. అది మీ పేరనే యుండవలెను. సంకేతపదము మీయొద్దనే యుండవలెను. గడువు తీరకమున్నే రుసుము చెల్లింపవలెను. మెడలోని నగవలె, మీ చేతిపనికి వచ్చిన పేరును మీ స్త్రీధనమే.